కాశీయాత్రకు రైలుబండి: ఎన్నిక, ఏర్పాట్లు

కాశికి పోయినవాడును, కాటికి పోయినవాడును ఒక్కటే యని మన పెద్దలలో ఒక సామెత కలదు. అది వట్టి మాట కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 సంవత్సరము మే నెల 18వ తేదీన చెన్నపట్టణమునుండి పరివారముతో బయలుదేరి, కాశీ ప్రయాగ గయా క్షేత్రములను సేవించి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరిరి. రాకపోకలకు పదునైదు మాసములు దాటినవి. ఆ దినములలో యాత్రకు బయలుదేరినవానిని ఊరి పొలిమేర వరకు సాగనంపి, ఇల్లాండ్రు కన్నీరు పెట్టుకొనుట సహజమే.

అటుపిమ్మట ఇరువదిరెండేండ్లకు, 1853 ఏప్రిల్ 16వ తేదీన, బొంబాయినుండి ఠాణాకు 34 కిలోమీటర్ల దూరము మన దేశమున మొదటి ప్రయాణికుల రైలుబండి నడచినది. దక్షిణదేశమున 1856 జూలై 1వ తేదీన రాయపురమునుండి వాలాజా రోడ్డు వరకు బండి నడచినది. నేడు సికింద్రాబాదునుండి కాశీ వాకిటికి సుమారు 1,600 కిలోమీటర్ల దూరమును ఒక దినమునకు కొంచెము మించిన కాలములో దాటగలుగుచున్నాము.

దూరము తగ్గినది. కాని శ్రమ అంతయు తీరినదని చెప్పుటకు వీలులేదు. నేటి యాత్రికునికి దొంగల భయము, అడవుల భయము తగ్గి, వేరు చిక్కులు వచ్చినవి. డెబ్బదియేండ్ల ముసలమ్మకు పైపడక దొరకును. టిక్కెట్టు చేతనున్నను పడక స్థిరపడలేదని బండిలో దింపివేయుదురు. అర్ధరాత్రి తెలియని స్టేషనులో దిగి, భాష రాక, ఎటు పోవలెనో తోచక కూర్చుండవలసివచ్చును. అట్టి సమయమున ఊరిలో మొదట ఫోను మ్రోగునది పంచాయతీ సభ్యుని ఇంటనే. ఈ చిక్కులలో పెక్కు రైలెక్కిన తరువాత పుట్టునవి కావు. రెండు నెలలు ముందు, ఊరిలోనే, తెలిసి గాని తెలియక గాని మనము చేసికొన్నవి. కావున వానిని అక్కడనే తొలగించుకొనవచ్చును. ఎట్లో ఇచట వివరింపబడుచున్నది.

మొదట తెలిసికొనవలసినది: యాత్ర ఎందులకు?

రైలుప్రయాణమును గూర్చి విచారించువారు సాధారణముగా అడుగు మొదటి ప్రశ్న, "ఏ బండి త్వరగా పోవును?" అని. అడుగవలసిన మొదటి ప్రశ్న అది కాదు. పోవువారు ఏమి కోరి పోవుచున్నారు, వారి ఒంటి సత్తువ ఎంత, అను రెండు విషయములు ముందు తేలవలెను. కాశిలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయవలెనను నియమము మన తెలుగు యాత్రికులలో పెక్కుమందికి కలదు. కొందరికి ఒక్కసారి గంగాస్నానమును, విశ్వేశ్వర దర్శనమును చాలును. మరికొందరు కాశీ ప్రయాగలతోపాటు ఢిల్లీ, ఆగ్రాలను కూడ చూచి రావలెనని కోరుదురు. ఈ మూడు తెగలవారికి మూడు వేరు విధములైన ప్రయాణములు తగియున్నవి.

మూడు విధముల పోలిక

మొదటిది, మామూలు రైలులో పోయి, మామూలు రైలులో వచ్చుట. సికింద్రాబాదునుండి దానాపూరునకు పోవు ఎక్స్‌ప్రెస్ బండి కాజీపేట, బల్లార్షా, నాగపూరు, ఇటార్సీ, జబల్పూరు, సత్నాల మీదుగా ప్రయాగరాజ్ ఛివ్కీని, పండిత దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షనును చేరును. బండ్లు మారనక్కరలేదు. ఖర్చు అన్నిటికంటె తక్కువ. కాశిలో ఎన్ని దినములుండవలెనో మన ఇష్టము. కాని బస, భోజనము, ఆటోల బేరము అన్నియు మనమే చూచుకొనవలెను. తొమ్మిది రాత్రుల నియమము గలవారికి ఇదియే తగిన మార్గము. కాశిలో మానససరోవర ఘట్టము దగ్గర శ్రీరామ తారక ఆంధ్రాశ్రమము మున్నగు తెలుగువారి వసతులు కలవు. పండుగ దినములలో గదులు దొరకుట కష్టము గనుక, రైలు టిక్కెట్టుతోపాటే బసను గూర్చియు ముందుగా విచారించి ఉంచుకొనవలెను.

రెండవది, భారత్ గౌరవ్ యాత్రా రైలు. ఈ పథకము 2021 నవంబరులో ప్రకటింపబడి, మొదటి బండి 2022 జూన్ నెలలో కోయంబత్తూరునుండి షిరిడీకి నడచినది. తెలుగు రాష్ట్రములనుండి మొదటిది 2023 మార్చి 18వ తేదీన సికింద్రాబాదునుండి బయలుదేరి, పూరీ, కోణార్క, గయ, కాశి, అయోధ్య, ప్రయాగలను చూపించుకొని వచ్చినది. దీనియందు ఒక్క రుసుముతో రైలు, బస, భోజనము, ఊరిలో తిరుగుటకు బస్సులు, దారి చూపు మనిషి, అన్నియు చేరియుండును. దారిలో పలు తెలుగు స్టేషనులయందు ఎక్కుటకు వీలు కలదు. భాష రానివారికి, వెంట పడుచువాండ్రు లేనివారికి ఇది గొప్ప సదుపాయము. కాని రెండు సంగతులు గ్రహింపవలెను. మామూలు రైలుకంటె ఖర్చు ఎక్కువ. మరియు ప్రతి క్షేత్రమందును వారు చెప్పినంతసేపే ఉండవలెను. పైని చెప్పిన యాత్ర ఆసాంతము ఎనిమిది రాత్రులు, తొమ్మిది పగళ్ళే. కాశిలోనే తొమ్మిది రాత్రులుండదలచినవారు ఇట్టి రైలెక్కినయెడల వారి కోరిక తీరదు. ఈ సంగతి డబ్బు కట్టక మునుపే వారికి విప్పి చెప్పవలెను.

మూడవది, చుట్టుప్రయాణపు టిక్కెట్టు. బయలుదేరిన స్టేషనుకే మరియొక దారిని తిరిగి వచ్చువారికి రైల్వేవారు ఇచ్చు టిక్కెట్టిది. ఉదాహరణకు సికింద్రాబాదునుండి ప్రయాగకు, అచటినుండి కాశికి, ఢిల్లీకి, ఆగ్రాకు పోయి, నాగపూరు మీదుగా తిరిగి సికింద్రాబాదునకు వచ్చుట. దారిలో ఎనిమిది చోట్ల వరకు దిగి నిలువవచ్చును. రైలు ఛార్జీలలో దూరము పెరిగినకొలది కిలోమీటరొక్కింటికి పడు వెల తగ్గును. కావున అయిదు చిన్న టిక్కెట్లు వేరువేరుగా కొనుటకంటె ఒక్క చుట్టు టిక్కెట్టు చౌక యగును. ఇది ఇంట కూర్చుండి ఫోనులో కొనునది కాదు. పెద్ద స్టేషనులోని వాణిజ్యశాఖవారికి దారి యంతయు వ్రాసి దరఖాస్తు పెట్టుకొనవలెను. టిక్కెట్టు చేతికి వచ్చినను పడకలు వానంతట అవి రావు. ప్రతి అంచెకును వేరుగా రిజర్వేషను చేయించుకొనవలెను. చదువు వచ్చిన వారొకరు జట్టులో నున్నప్పుడే దీనికి పూనుకొనుట మంచిది.

వేగముకంటె వేళ ముఖ్యము

ఒకే దారిని నడచు బండ్లలో నైనను భేద మెంత యుండునో ఢిల్లీ దారినిబట్టి తెలిసికొనవచ్చును. హైదరాబాదు, సికింద్రాబాదులనుండి ఢిల్లీకి తెలంగాణా ఎక్స్‌ప్రెస్సు సుమారు 26 గంటలును, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్సు సుమారు 29 గంటలును, రాజధాని ఎక్స్‌ప్రెస్సు సుమారు 22 గంటలును తీసికొనును. మూడును కాజీపేట, నాగపూరు, భోపాలు మీదుగానే పోవును. రాజధాని త్వరగా పోవుమాట నిజమే. కాని సికింద్రాబాదునుండియే బయలుదేరు రాజధాని వారమున కొక్కదినమే నడచును. అంతయు ఏసీ పెట్టెలే గనుక ఛార్జీ హెచ్చు. తెలంగాణా ఎక్స్‌ప్రెస్సు ఉదయమే బయలుదేరును గనుక దూరపు పల్లెలవారు ముందు రాత్రియే పట్టణము చేరి బస చేయవలెను. దక్షిణ్ ఎక్స్‌ప్రెస్సు రాత్రివేళ బయలుదేరును. పగలు పల్లెనుండి నెమ్మదిగా వచ్చి ఎక్కవచ్చును గాని, బండిలో రెండు రాత్రులు గడపవలెను. మూడు గంటలు ఆదా చేయబోయి, పట్టణములో ఒక రాత్రి లాడ్జి ఖర్చు తెచ్చిపెట్టుకొనుట ఆదా యగునా యని లెక్క చూచుకొనవలెను. వరంగల్లు, కరీంనగరము ప్రాంతములవారు హైదరాబాదు వరకు పోనక్కరలేక కాజీపేటలోనే ఎక్కవచ్చును.

బండి బయలుదేరు వేళకంటెను అది గమ్యము చేరు వేళను ముఖ్యముగా చూడవలెను. వెలుతురుండగా చేరు బండి ముసలివారికి మేలు. బండి మారవలసి వచ్చినచో రెండింటి నడుమ నాలుగైదు గంటల వ్యవధియైన ఉండవలెను. బండ్ల వేళలు అప్పుడప్పుడు మారుచుండును గనుక, టిక్కెట్టు కొను దినమున ఒకసారియు, బయలుదేరు ముందు దినమున ఒకసారియు 139 నెంబరునకు ఫోను చేసి విచారించుకొనవలెను.

పడకల లెక్క

స్లీపరు పెట్టెయందు గాని, మూడంతస్తుల ఏసీ పెట్టెయందు గాని, ఒక్కొక్క గదికి ఎనిమిది పడకలుండును. 1, 4 క్రింది పడకలు; 2, 5 నడిమివి; 3, 6 పైవి. నడవకు ఆవల 7 ప్రక్క క్రింది పడక, 8 ప్రక్క పై పడక. తరువాతి గదిలో 9 మొదలుకొని ఇదే వరుస. అనగా ఎనిమిదింటిలో క్రింది పడకలు మూడే. మోకాళ్ళ నొప్పులున్నవారికి, రాత్రి పలుమారు లేవవలసినవారికి ఆ మూడింటిలో ఒకటి దొరకుటయే ప్రయాణసుఖము.

అరువదియేండ్లు నిండిన పురుషులకును, నలుబదియైదేండ్లు నిండిన స్త్రీలకును కొన్ని క్రింది పడకలు ప్రత్యేకింపబడియున్నవి. కాని ఒక నియమము కలదు. అట్టివారు ఒంటరిగా గాని, ఇద్దరుగా గాని ఒక టిక్కెట్టుపై ప్రయాణము చేయునప్పుడే ఆ పడకలు లభించును. ఈ సంగతి తెలియక మనవారు ఆరుగురు పెద్దలను ఒకే టిక్కెట్టుపై వ్రాయించి, మొత్తముగా ఆ సదుపాయమును పోగొట్టుకొనుచున్నారు. ఒక గ్రామమునుండి పన్నెండుగురు బయలుదేరుచున్నారనియు, వారిలో ఆరుగురు అరువదేండ్లు దాటినవారనియు అనుకొందము. పెద్దలను ఇద్దరిద్దరుగా మూడు టిక్కెట్లపైనను, తక్కిన ఆరుగురిని ఒక టిక్కెట్టుపైనను వ్రాయించుట మేలు. టిక్కెట్లు వేరగుటచేత పెట్టెలు కూడ వేరు కావచ్చును. అట్లయినచో ప్రతి పెట్టెలోను పడుచువాడొకడు ఉండునట్లు బండిలో పడకలు మార్చుకొనవలెను. వృద్ధులకు పూర్వము ఇచ్చుచుండిన ఛార్జీ రాయితీ 2020 మార్చిలో నిలిపివేయబడినది. రాయితీ ఉన్నదని చెప్పి డబ్బు లెక్క కట్టుకొనరాదు.

స్లీపరు ఛార్జీకి మూడంతస్తుల ఏసీ ఛార్జీ సుమారు రెండున్నర రెట్లుండును. ఏసీలో దుప్పటి, దిండు ఇత్తురు. స్లీపరులో మన దుప్పటి మనమే తీసికొని పోవలెను. వేసవిలో నాగపూరు ప్రాంతపు వడగాలికి స్లీపరు పెట్టె కుంపటివలె నుండును. అప్పుడు పెద్దలకైన ఏసీ టిక్కెట్టు తీయుట దుబారా కాదు. ఎండలు ముదరని దినములలో స్లీపరే చాలును. అయిదేండ్లు నిండని బిడ్డకు వేరు పడక కోరనిచో టిక్కెట్టు అక్కరలేదు. అయిదునుండి పన్నెండేండ్ల లోపువారికి పడక వలదన్నచో సగము ఛార్జీ. పడక కావలెనన్నచో పూర్తి ఛార్జీ.

అరువది దినముల లెక్క

2024 నవంబరు 1వ తేదీనుండి రిజర్వేషను గడువు 120 దినములకు బదులు 60 దినములుగా మార్చబడినది. ప్రయాణదినమును విడిచి లెక్కింపవలెను. ఫిబ్రవరి 20న బయలుదేరువారికి డిసెంబరు 22న ఉదయము 8 గంటలకు టిక్కెట్లు ప్రారంభమగును. ఇచట అనేకులు మరచు విషయమొకటి కలదు. 21న కాశి చేరి, తొమ్మిది రాత్రులుండి, మార్చి 2న తిరుగుబండి ఎక్కువారికి ఆ టిక్కెట్లు జనవరి 1నగాని ప్రారంభము కావు. పోవు టిక్కెట్టు దొరకినదను సంతోషములో తిరుగు టిక్కెట్టు సంగతి మరచినవారు కాశిలో చిక్కుపడుదురు. కావున రెండు తేదీలను ఒకే కాగితముపై వ్రాసి ఉంచుకొనవలెను. ఆన్‌లైనులో టిక్కెట్టు తీయువారు తమ ఖాతాను ఆధారుతో ముందుగానే ధ్రువపరచుకొనవలెను.

వెయిటింగు లిస్టు టిక్కెట్టు టిక్కెట్టు కాదు, ఆశ మాత్రమే. దానితో రిజర్వేషను పెట్టె ఎక్కరాదు. ఆన్‌లైనులో కొన్నదైనచో జాబితా తయారగు వేళకు స్థిరపడకున్న తనంతట రద్దగును. కొంత రుసుము పోగా సొమ్ము తిరిగి వచ్చును. ఆర్.ఏ.సి. అనునది వేరు. దానితో బండి ఎక్కవచ్చును. ఒక ప్రక్క పడకను ఇద్దరు పంచుకొని కూర్చుండవలెను. తత్కాల్ టిక్కెట్లు బండి బయలుదేరుటకు ముందు దినమున, ఏసీ తరగతులకు 10 గంటలకును, స్లీపరుకు 11 గంటలకును ఇత్తురు. 2025 జూలై నుండి ఆన్‌లైను తత్కాల్‌కు ఆధారు ధ్రువీకరణము తప్పనిసరి యైనది. ఒక టిక్కెట్టుపై నలుగురికి మించి ఇయ్యరు; స్థిరపడిన తత్కాల్ టిక్కెట్టు రద్దు చేసికొన్నను సొమ్ము రాదు. పన్నెండుగురి యాత్రను తత్కాల్‌పై ఆధారపరచుట జూదమాడుటయే.

"నేను పడకలు ఇప్పించెదను, ఇంత ఇండు" అని తిరుగు మనుష్యులను నమ్మరాదు. ఒకరి పేర తీసిన టిక్కెట్టుపై మరియొకరు ప్రయాణము చేయుట నేరము. అయితే జట్టులో ఒకరికి జబ్బు చేసినయెడల, స్థిరపడిన టిక్కెట్టును తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, బిడ్డలు, వీరిలో ఒకరి పేరునకు మార్చుకొనుటకు రైల్వేవారు అవకాశ మిచ్చియున్నారు. బండి బయలుదేరుటకు 24 గంటలు ముందుగా గుర్తింపుకాగితములతో స్టేషనులో దరఖాస్తు పెట్టవలెను.

కాలము, స్థలముల పేర్లు

డిసెంబరు, జనవరి మాసములలో గంగాతీరమున దట్టమైన పొగమంచు క్రమ్మి బండ్లు గంటలకొలది ఆలస్యమగును. శ్రావణ భాద్రపదములలో గంగ పొంగి కాశీ ఘట్టములు మునుగును. కార్తికమునందును, శివరాత్రికిని జనసమ్మర్దము మెండు. మాఘమున ప్రయాగయందు మేళా జరుగును. సంక్రాంతి వెనుక కోతలు, నూర్పిళ్ళు ముగిసి రైతుకు తీరిక చిక్కును. ఫిబ్రవరి మధ్యనుండి మార్చి మధ్య వరకు, శివరాత్రి దినములను విడిచి, చలియు ఎండయు సమముగా నుండును. మన పల్లెవారికి అదియే అనువైన కాలము.

స్టేషనుల పేర్లు మారినవి. పెద్దలు "మొగల్‌సరాయి" అనునది 2018 నుండి పండిత దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షను. అచటినుండి కాశి సుమారు 16 కిలోమీటర్లు. గంగ వంతెన దాటి పోవలెను. కాశీ పట్టణమునకు వారణాసి జంక్షను, బనారస్, వారణాసి సిటీ, కాశి అని వేరు వేరు స్టేషనులు కలవు. 2021 వరకు మండువాడీహ్ అని పిలువబడినదే నేటి బనారస్. కాశి అని పేరుగల స్టేషను వీనిలో చిన్నది. తిరుగు ప్రయాణమునకు "స్టేషనుకు పోనిమ్ము" అని ఆటోవానితో చెప్పి వేరు స్టేషనులో దిగినవారికి బండి తప్పును. ప్రయాగలోను అంతే, ఛివ్కీ స్టేషను యమునకు ఇవతల నున్నది, ప్రయాగరాజ్ జంక్షను అవతల పట్టణములో నున్నది. టిక్కెట్టుపై నున్న పేరునే తెలుగులోను, హిందీలోను కాగితముపై వ్రాసి ప్రతివాని జేబులో ఉంచవలెను.

పంచాయతీ చేయదగిన పని

దీనికి పంచాయతీ నిధులతో పనిలేదు. కొద్దిపాటి శ్రద్ధ చాలును. దసరా నాటికి గ్రామములో యాత్రకు పోదలచినవారి పేర్లు, వయస్సులు, ఆరోగ్యస్థితి, కోరిక ఒక పుస్తకములో వ్రాయించవలెను. అందరిని ఒకచోట కూర్చుండబెట్టి, పైని చెప్పిన మూడు మార్గములలో ఏది ఎవరికి తగునో మాటాడి తేల్చవలెను. టిక్కెట్లు ప్రారంభమగు తేదీలను పంచాయతీ కార్యాలయపు బల్లపై వ్రాయించవలెను. స్టేషను దూరమైన గ్రామములకు కొన్ని పోస్టాఫీసులందును, కామన్ సర్వీస్ సెంటర్లయందును టిక్కెట్లు లభించును. బయలుదేరు దినమున ప్రతివానికి ఒక కాగితము: తన పేరు, ఊరు, ఇంటి ఫోను నెంబరు, జట్టు పెద్ద ఫోను నెంబరు, పెట్టె, పడక, దిగు స్టేషను, బస చిరునామా, వేసికొను మందులు. అసలు ఆధారు కార్డు దగ్గర నుండవలెను. దాని నకలు ఇంటిలో నుండవలెను. జట్టులోని పేర్ల జాబితా ఒకటి పంచాయతీలో నుండవలెను.

గ్రామములో జన్మమెత్తి, డెబ్బదియేండ్లు పొలము, ఇల్లు తప్ప వేరెరుగని తల్లి జీవితమున ఒక్కసారి గంగను చూడగోరును. ఆమె కూడబెట్టిన సొమ్ము కొద్ది. రెండవమారు పోవుటకు సొమ్మును ఉండదు, ఓపికయు ఉండదు. ఆమెకు క్రింది పడక దొరకి, వెలుతురుండగా బండి దిగి, కోరినన్ని రాత్రులు కాశిలో నిద్రించి, క్షేమముగా ఇల్లు చేరుట గొప్ప అదృష్టమువలన కాదు. రెండు నెలలు ముందు ఎవరో ఒకరు పంచాంగము ముందు పెట్టుకొని తేదీలు లెక్కించుటవలన. ఆ లెక్క వేయువారు ఊరికొక్కరుండిన చాలును.